మెషీన్ పడటం లేదా? ఏది పడటం లేదో చెప్పండి

స్లీప్ స్టడీ అయిపోయింది. ఒంటినిండా వైర్లు తగిలించుకుని ఒక రాత్రి ఎలాగో పడుకున్నారు. గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో సన్నబడటమో జరుగుతోందని రిపోర్టు వచ్చింది. 5 లోపుంటే మామూలు, 30 దాటితే తీవ్రం అని డాక్టరు గారు విడమరచి చెప్పారు. పదుల వేలు పోసి సీప్యాప్ మెషీన్ కొన్నారు. కంపెనీ కుర్రాడు ఇంటికొచ్చి, పావుగంటలో మాస్క్ తగిలించి చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడా మెషీన్ ఎక్కడుంది? మంచం పక్కనా, బీరువా మీద అట్టపెట్టెలోనా?

బీరువా మీదే ఉంటే ఈ అధ్యాయం మీకోసమే. సిగ్గుపడాల్సిన పనేం లేదు. కొన్నవాళ్లలో చాలామంది మొదటి నెలలో ఒకసారైనా దాన్ని పెట్టెలో పెట్టేస్తారు. అడిగితే ‘నాకు పడలేదండీ’ అంటారు. ఇంట్లోవాళ్లేమో ‘నాలుగు రోజులు ఓర్చుకో, అదే అలవాటైపోతుంది’ అంటారు. నాకు ఈ రెండు మాటల మీదా నమ్మకం లేదు. మూతి ఒరుసుకుపోతున్న మాస్క్‌ని పళ్ల బిగువున భరిస్తే అలవాటు కాదు, అసహ్యం పుడుతుంది. ఇక ‘పడలేదు’ అన్నదాని కింద అరడజను ఇబ్బందులు కలిసిపోయి ఉంటాయి. గాలి కారడం వేరు, నోరెండటం వేరు, ఊపిరాడనట్టు బెదురు పుట్టడం వేరు, కడుపుబ్బరం వేరు. దేని మందు దానిదే. మీది వీటిలో ఏదో తేల్చుకోవడమే మొదటి నెలలో మీ పని.

ముందు ఆ పెట్టె చేసే పనేమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. మెషీన్ మీ గదిలో ఉన్న గాలినే పీల్చి, కాస్త ఒత్తిడితో లోపలికి పంపి, ఆ దారిని తెరిచి ఉంచుతుంది. అందులో ఆక్సిజన్ లేదు, మందు లేదు. ఒత్తిడి ఎంత? సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టం వరకు. గ్లాసు నీళ్లలో స్ట్రాని 10 సెంటీమీటర్లు ముంచి ఊదితే అడుగునుంచి బుడగ రావడానికి ఎంత బలం కావాలో, 10 ఒత్తిడి అంటే అంతే. ఊపిరితిత్తులు పగిలిపోతాయేమోనన్న భయం ఉంటే ఇక్కడే వదిలేయండి.

ఇంకో సంగతి. 1980లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు ఈ పద్ధతిని మొదటిసారి ప్రయోగించినప్పుడు, ముక్కు అచ్చు తీసి చేసిన మాస్క్‌ని ప్రతి రాత్రీ జిగురుతో ముఖానికి అంటించేవారు. మోటారు రొద సరేసరి. అంతకు ముందైతే తీవ్రమైన కేసుల్లో మెడ దగ్గర గొంతుకు రంధ్రం పెట్టేవారు. ఆ జిగురు మాస్క్‌తోనే తొలి రోగులు హాయిగా నిద్రపోయారు. మీ దగ్గరున్నది మెత్తటి సిలికాన్.

1. రాత్రి పది గంటలకు మొదలుపెట్టకండి

అందరూ చేసే పొరపాటు ఇదే. ఒళ్లు అలిసి, కళ్లు మూతలు పడుతున్న వేళ, లైటు ఆర్పాక, కొత్త వస్తువుని ముఖానికి కట్టుకోవడం. ఆ చీకట్లో చిన్న చిరాకు కూడా కొండంత అవుతుంది. పరిచయం పగటిపూట జరగాలి.

మొదట మెషీన్‌కి తగిలించకుండా ఉత్త మాస్క్‌ని చేత్తో ముక్కు మీద పట్టుకోండి. పట్టీలొద్దు. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చన్న ధీమా మెదడుకు అందాలి. అది కుదిరాక మెషీన్ ఆన్ చేసి, గాలి వస్తుండగా చేత్తోనే పట్టుకుని, నోరు మూసి ముక్కుతో పీల్చి వదలండి. ఆ తర్వాత పట్టీలు తగిలించుకుని టీవీ ముందు కూర్చోండి. సీరియలో క్రికెట్టో ఏదో ఒకటి, మనసు వేరేచోట ఉండాలి. సీరియల్ అయ్యేదాకా మాస్క్ సంగతి గుర్తు రాలేదంటే సగం పని అయినట్టే. ఆ పైన మధ్యాహ్నం కునుకు. ఆ పైన రాత్రి.

ఒక మెట్టు దగ్గర గుండె దడదడలాడితే వెనక్కి ఒక మెట్టు దిగండి, మొత్తం వదిలేయకండి. మూసిన లిఫ్టులో, స్కానింగ్ గొట్టంలో భయపడే స్వభావం ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాళ్లు ముఖమంతా కప్పే మాస్క్ కాకుండా, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకం అడిగి చూడాలి. ‘ఈ రాత్రి నుంచే పెట్టుకోవాలి’ అని డాక్టరు గట్టిగా చెప్పారా? అయితే రాత్రీ పెట్టుకోండి, పగటి సాధనా చేయండి. రెండింటికీ గొడవ లేదు.

2. గాలి కారుతుంటే బిగించకండి

విజయవాడలో ఓ బ్యాంకు ఉద్యోగి ఉన్నాడనుకోండి. రాత్రంతా మాస్క్ అంచు నుంచి గాలి సన్నగా కంట్లోకి కొడుతోంది. లేచి పట్టీ లాగాడు. ఇంకా కొడుతోంది. ఇంకా లాగాడు. తెల్లారేసరికి ముక్కు దూలం మీద ఎర్రటి గాటు, చెంపల మీద చారలు. కౌంటర్లో అందరూ ‘ఏమైంది సార్’ అని అడిగితే ఆ రాత్రి మెషీన్ బీరువా ఎక్కింది.

అతను చేయాల్సింది బిగించడం కాదు, వదులు చేయడం. మాస్క్ అంచున ఉన్న పల్చటి సిలికాన్ పొర గాలితో ఉబ్బి ముఖానికి అతుక్కుంటుంది. బిగిస్తే అది ముడతలు పడి, ఆ ముడతల్లోంచే గాలి కారుతుంది. కాబట్టి మంచం మీద పడుకుని, మెషీన్ ఆన్ చేసి, మాస్క్‌ని ముఖం నుంచి కాస్త పైకి లాగి, పొర ఉబ్బనిచ్చి, మెల్లగా మళ్లీ ఆనించండి. కూర్చుని సరిచేసిన మాస్క్ పడుకోగానే సరిపోదు, ఎందుకంటే చెంపలు పక్కకు జారి ముఖం ఆకారమే మారుతుంది.

అలా చేసినా కారుతోందా? సైజు తప్పయి ఉంటుంది. మాస్క్‌లలో చిన్న, మధ్య, పెద్ద సైజులున్నాయి, కంపెనీకో కొలత ఉంది. షాపువాడు తన దగ్గరున్న మాస్కే అందరికీ సరిపోతుందంటాడు. ఒప్పుకోకండి. మెషీన్ ఏదైనా దాదాపు ఒకటే పని చేస్తుంది. మీ నిద్ర ఆధారపడేది మాస్క్ మీద. బేరమాడే ఓపికంతా మాస్క్ దగ్గర ఖర్చు పెట్టండి, రెండు మూడు రకాలు పెట్టి చూశాకే కొనండి. మెషీన్‌ని కొన్నాళ్లు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు, అడగండి.

మన ఇళ్లలో గాలి కారడానికి కొన్ని సొంత కారణాలున్నాయి, అవి కంపెనీ పుస్తకంలో కనిపించవు. పడుకునే ముందు ముఖానికి కొబ్బరినూనె, క్రీము రాసుకుంటే మాస్క్ జారిపోతుంది, సిలికాన్ కూడా తొందరగా పాడవుతుంది. ఆ పనులు పొద్దున చేసుకోండి. తలకు నూనె పెట్టుకోవడం మానలేనంటారా, పట్టీలు తరచుగా ఉతకండి. ముక్కుపుడక ఉన్న అమ్మలు రాత్రికి అది తీసి పడుకోగలరేమో చూడండి. తీయడం ఇష్టం లేకపోతే, పుడక మీద ఒత్తని పెద్ద మాస్క్ ఎంచుకోవాలి. గుబురు మీసం ఉన్నవాళ్లకు ముక్కు రంధ్రాల దగ్గర ఆనే రకం నయం, మీసం తీసేయాల్సిన పనిలేదు. తిరుపతి వెళ్లి తలనీలాలిచ్చి వచ్చిన రాత్రి పట్టీల కొలత మళ్లీ చూసుకోండి.

3. ‘గాలి బయటికి వదల్లేకపోతున్నాను’

పీల్చడం తేలిగ్గా ఉండి, వదిలేటప్పుడు గాలి ఎదురొస్తున్నట్టు ఉందా? మెషీన్లో ర్యాంప్ అని ఒక ఏర్పాటుంటుంది. అది తక్కువ ఒత్తిడితో మొదలై, మీరు నిద్రలోకి జారేలోపు మెల్లమెల్లగా పెరుగుతుంది. ఊపిరి వదిలే క్షణంలో ఒత్తిడి తగ్గించే సదుపాయం కూడా చాలా మెషీన్లలో ఉంది. మీదాంట్లో అవి ఆన్ చేసి ఉన్నాయో లేదో అడిగారా? ఆ పావుగంట ట్రైనింగ్‌లో ఇవి చెప్పడం మరచిపోతుంటారు.

ర్యాంప్ మరీ తక్కువ నుంచి మొదలైతే కొందరికి గాలి చాలనట్టు ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. వాళ్లకు మొదలయ్యే ఒత్తిడి కాస్త పెంచాలి. చూశారా, రెండూ ‘ఊపిరాడటం లేదు’ అనే ఫిర్యాదే, మందులు మాత్రం తూర్పూ పడమరా. అయితే అసలు చికిత్స ఒత్తిడిని మీ అంతట మీరు మార్చకండి. అది మీ స్టడీ చూసి డాక్టరు పెట్టిన లెక్క. అదే కారణంతో, ‘మా బావగారి మెషీన్ ఖాళీగా ఉందండీ’ అని తెచ్చుకుని నేరుగా తగిలించుకోకండి. అందులో ఉన్నది బావగారి గొంతుకు కావలసిన ఒత్తిడి.

4. నోరు పిడచకట్టుకుపోతోందా?

ముక్కు మాస్క్ పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోతే, ముక్కులోంచి వెళ్లిన గాలి నోట్లోంచి బయటికి పారిపోతుంది. గొంతు తెరుచుకోదు, నోరు ఎండిపోతుంది. నోరెందుకు తెరుస్తున్నారు? చాలాసార్లు ముక్కు దిబ్బడ వల్ల. ముందు ముక్కు సంగతి చూడాలి. ఉప్పునీటి స్ప్రే, అలర్జీ ఉంటే డాక్టరు రాసే ముక్కు స్ప్రే, ముక్కు దూలం వంకర ఉంటే ఈఎన్‌టీ సలహా. ముక్కు బాగానే ఉన్నా నోరు తెరుచుకుంటుంటే గడ్డం కింద పట్టీ గానీ, ముక్కూ నోరూ కలిపి కప్పే మాస్క్ గానీ వాడతారు.

జలుబు చేసింది కదా అని ముక్కు కింద అమృతాంజనమో విక్సో రాసి పైన మాస్క్ పెట్టుకోవడం వద్దు. నీళ్ల తొట్టిలో నీలగిరి తైలం చుక్కలు వేయడం అసలే వద్దు. అవన్నీ ఒత్తిడితో నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఆ తొట్టిని హ్యూమిడిఫయర్ అంటారు, గాలికి తేమ కలిపేది. విశాఖలో వానాకాలం రాత్రి దాని అవసరం మీకు తెలియకపోవచ్చు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో, డిసెంబరు చలిలో అది లేకపోతే ముక్కు మండిపోతుంది. తేమ ఎంత పెట్టాలన్నది ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది, ఒకసారి పెట్టి వదిలేసేది కాదు. మరీ ఎక్కువ పెడితే చల్లటి గదిలో ట్యూబ్ లోపల నీరు చేరి గుడగుడమంటుంది, ముఖం మీద చుక్కలు పడతాయి. అప్పుడు తేమ కాస్త తగ్గించి, ట్యూబ్‌కి పాత నూలు చీరముక్క చుట్టండి. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా ట్యూబ్ మీద పడకుండా చూసుకోండి.

తొట్టిలో పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు పోస్తే కొద్దిరోజుల్లో తెల్లటి పొర కడుతుంది. మరగబెట్టినా ఆ ఉప్పు పోదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి అమ్మే క్యాన్ నీళ్లు ఊపిరికి పనికొచ్చేవి కావు, చవక కదా అని తేకండి. ఒక రాత్రి అయిపోయిందనుకోండి, కాచి చల్లార్చిన ఫిల్టర్ నీళ్లతో గడుపుకుని మర్నాడు తెచ్చుకోవచ్చు.

మెషీన్ ఎప్పుడూ మీ తల కంటే కిందికి ఉండాలి. పైన గూట్లో పెడితే నీళ్లు ట్యూబ్‌లోకి దిగుతాయి. కింద చాప వేసుకుని పడుకునే అలవాటుంటే, మీరు కాస్త మందంగా పరుపు వేసుకుని, మెషీన్‌ని పలుచటి చెక్క మీద పెట్టండి. దుమ్ములో నేరుగా పెట్టొద్దు. దోమల చుట్ట కాల్చే అలవాటు ఉందా? మెషీన్ పీల్చేది ఆ గది గాలినే అన్న మాట గుర్తుంది కదా. దోమతెర కట్టుకోండి. ట్యూబ్‌ని తెర అంచు కింద నుంచి లోపలికి తీసుకోవచ్చు.

5. కడుపుబ్బరం

పొద్దున లేవగానే తేన్పులు, గ్యాస్. గాలి గొంతులోంచి కడుపులోకి కూడా పోతోందని అర్థం. తల వైపు కాస్త ఎత్తు చేసి, పక్కకు తిరిగి పడుకోండి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య కనీసం రెండు గంటలుండాలి. తగ్గకపోతే ఒత్తిడి సరిచూడమని డాక్టరుని అడగండి.

6. మూడింటికి తీసేస్తున్నారా?

‘నాలుగైదు గంటలు పెట్టుకున్నాను, చాల్లే’ అని బాత్రూముకు లేచినప్పుడు మాస్క్ తీసేసి, మళ్లీ పెట్టుకోకుండా పడుకునేవాళ్లు ఎందరో. అమెరికాలో ఉన్న మన పిల్లలు కూడా ‘నాలుగు గంటలు చాలట నాన్నా’ అని చెబుతుంటారు. అక్కడి ఇన్సూరెన్స్ నిబంధన అది: 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం 4 గంటలు వాడితేనే మెషీన్ డబ్బులిస్తారు. అది బిల్లు లెక్క, ఒంటి లెక్క కాదు.

కలలొచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. ఆ దశలోనే కండరాలు బాగా వదులవుతాయి, చాలామందిలో ఊపిరి ఆగడం కూడా అప్పుడే ఎక్కువ. మూడింటికి మాస్క్ తీసేసేవాళ్లు సరిగ్గా అది కావలసిన వేళే వదులుకుంటున్నారు. తలనొప్పితో లేస్తున్నానని, మెషీన్ వల్ల లాభం లేదని చెప్పేవాళ్లను తీసే వేళ ఎప్పుడో అడిగి చూడండి.

బాత్రూముకు వెళ్లేటప్పుడు మాస్క్ విప్పాల్సిన పనిలేదు, ట్యూబ్ ఊడదీసుకుని వెళ్లి రండి. నిద్రలో తెలియకుండానే పీకేస్తున్నారా? తప్పు మీది కాదు. గాలి కారుతోందో, ముక్కు మూసుకుపోతోందో, ఒత్తిడి చాలడం లేదో చూడాలి. మెలకువ రాగానే మళ్లీ పెట్టుకోండి, అంతే. మధ్యాహ్నం కునుకు తీసినా పెట్టుకోవాలి, గొంతుకు పగలూ రాత్రీ తేడా తెలియదు. మద్యం తాగినా, డాక్టరు రాయని నిద్రమాత్ర వేసుకున్నా గొంతు ఇంకా వదులవుతుంది. మెషీన్‌తో నిద్ర రాలేదని మాత్ర వేసుకోవడం మంటల్లో నెయ్యి పోసినట్టే.

7. ఇంట్లోవాళ్లు, చుట్టాలు

‘అయ్యో, ఆక్సిజన్ మీద ఉన్నాడటగా!’ ఇలా ఒక ఫోన్ వచ్చి తీరుతుంది. పెళ్లికని వచ్చి ఒక రాత్రి ఉన్న పిన్నిగారు తలుపు సందులోంచి చూసి ఊరంతా చెప్పేసి ఉంటారు. దాచుకుంటే పుకారు పెరుగుతుంది. పగలే మెషీన్ చూపించి, ‘గురక మెషీన్ పిన్నీ, ఉత్త గాలే’ అనండి. కళ్లద్దాలకు ఎంత సంజాయిషీ ఇస్తామో దీనికీ అంతే.

‘గురకే కదా, దానికింత హడావుడా’ అనే పెద్దలుంటారు. వాళ్లతో వాదన పెట్టుకోవద్దు. ‘గ్యాంగ్ లీడర్’ పాటలకు బాణీలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో పోయినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బూ ఉంది. ఆ ముక్క చెప్పి ఊరుకోండి. భయంతో మొదటి వారం గడుస్తుంది గానీ, మూడో నెలలో మాస్క్ పెట్టించేది పొద్దున తల తేలిగ్గా ఉండటమే.

భార్యాభర్తలకో మాట. మొదటి నెలలో ‘పెట్టుకున్నారా, పెట్టుకున్నారా’ అని పోలీసులా అడగకండి. నిద్రలో పీకేస్తే దెప్పకండి. గాలి ఎటు కారుతోందో, ఎప్పుడు నోరు తెరుస్తున్నారో పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది. ఆ సమాచారం డాక్టరుకు బంగారం. ఏళ్ల తరబడి గురకతో నిద్రలేకుండా గడిపినవాళ్లకు ఇప్పుడు మెషీన్ సన్నటి చప్పుడే మిగులుతుంది, వాళ్ల సాయం మీకు తేలిగ్గానే దొరుకుతుంది.

8. కరెంటు పోతే, ఊరెళితే

కరెంటు పోతే ఊపిరాడక పోతామా? పోము. మాస్క్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, ముక్కూ నోరూ కప్పే రకంలో గాలి ఆగగానే తెరుచుకునే వాల్వు కూడా ఉంటుంది. ఉక్కగా అనిపించి మెలకువ వస్తుంది, తీసేస్తారు. ఇన్వర్టర్ ఉంటే దాని మీద నడుస్తుంది. కరెంటు ఎక్కువగా తినేది తేమ వేడిచేసే భాగం, కోతల రోజుల్లో దాన్ని ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో మాత్రం చూసుకోండి.

ప్రయాణంలో తొట్టిలో నీళ్లు పూర్తిగా ఒంపేశాకే బ్యాగులో పెట్టండి, లేకపోతే మెషీన్ లోపలికి నీళ్లు పోతాయి. విమానంలో చేతి సామానుతోనే ఉంచుకోండి, డాక్టరు చీటీ వెంట ఉంటే సెక్యూరిటీ దగ్గర ప్రశ్నలు తక్కువ. రైల్లో ఫోన్ ఛార్జింగ్ ప్లగ్గుని నమ్ముకోవద్దు, రాత్రిళ్లు అది ఆపేయవచ్చు. పెళ్లివారింట విడిదిలో ప్లగ్గు ఎప్పుడూ గదికి అవతలి మూలే ఉంటుంది, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదే తీసుకెళ్లండి. ఏదైనా ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరుతుంటే మెషీన్ వెంట తీసుకెళ్లి, మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఇది మరవకూడని మాట.

9. కడగడం

రోజూ పొద్దున తొట్టి ఒంపేసి ఆరబెట్టండి, మాస్క్ ముఖానికి ఆనే భాగాన్ని మామూలు సబ్బునీళ్లతో కడగండి. ట్యూబ్, పట్టీలు వారానికోసారి. నీడనే ఆరాలి. డెట్టాల్, సలసల కాగే నీళ్లు వద్దు. ఫిల్టర్ బూడిదరంగుకు తిరిగితే మార్చేయండి. మన రోడ్ల దుమ్ముకి అది తొందరగానే తిరుగుతుంది.

10. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు

మెషీన్ రోజూ మూడు లెక్కలు రాసుకుంటుంది: ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత కారింది, గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది. చివరిది 5 లోపుకు రావాలి. రోజూ పొద్దున్నే ఆ అంకె చూసి దిగులు పడొద్దు, వారం సగటు చూడండి. మెషీన్లోని కార్డు గానీ ఫోన్లోని యాప్ గానీ డాక్టరుకు చూపించండి. బరువు బాగా తగ్గినా పెరిగినా ఒత్తిడి మళ్లీ చూడమని అడగండి.

మంచం పక్కన చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఎప్పుడు లేచారో, అప్పుడు ఏం ఇబ్బందిగా ఉందో ఒక్క ముక్క రాయండి. ‘నాకు పడటం లేదండీ’ అంటే డాక్టరు గారి దగ్గర జవాబు ఉండదు, ఇంకో నెల వాడి చూడమంటారు. ‘మూడింటికి నోరెండి లేస్తున్నాను, కుడి కంట్లోకి గాలి కొడుతోంది, జలుబు లేని రోజు బాగానే ఉంటోంది’ అనండి. మాస్క్ మార్చాలా, ముక్కు చూడాలా, తేమ పెంచాలా అన్నది అక్కడే, ఆ కుర్చీలోనే తేలిపోతుంది.